డ్రైవరు కాదు, స్క్రూడ్రైవరు

సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రిక సాంకేతిక సలహాల శీర్షికలో వచ్చిన ఒక ప్రశ్న, దానికి మీ నిపుణులు ఇచ్చిన జవాబు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పాఠకుడు అడిగింది ఇది: “నా ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లయింది. టచ్‌ప్యాడ్ ఎడమ పక్క ఎంత గట్టిగా నొక్కినా పడడం లేదు. ఒక్కోసారి నొక్కకుండానే క్లిక్ అవుతోంది. ఈ మధ్య మూత కూడా సరిగా మూసుకోవడం లేదు. ఏం చేయాలి?” టచ్‌ప్యాడ్ డ్రైవరును, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేరును, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమనీ, అప్పటికీ బాగుపడకపోతే విడిగా ఒక మౌసు కొనుక్కుని పని కానివ్వమనీ జవాబు వచ్చింది.

మూత సంగతి జవాబిచ్చినవారు చదివినట్టు లేదు. డ్రైవరు పాడైతే టచ్‌ప్యాడ్ మొరాయిస్తుంది, సరే. మూత ఎందుకు మూసుకోదు? ఏ సాఫ్ట్‌వేరూ మూతను పైకి లేపలేదు. ల్యాప్‌టాప్ లోపల పెరిగి పైకి తోయగలిగిన వస్తువు ఒక్కటే ఉంటుంది, అది బ్యాటరీ. ఆయన బ్యాటరీ ఉబ్బి ఉండాలి. ఆయనకు కావలసింది డ్రైవరు కాదు, స్క్రూడ్రైవరు. అది కూడా ఆయన చేతిలో కాదు, పని తెలిసినవాళ్ల చేతిలో.

నేనేమీ మెకానిక్‌ను కాను. ఈ తప్పునే ఏడు వారాల పాటు చేశాను కాబట్టి ఇంత నమ్మకంగా చెబుతున్నాను.

నాది పుస్తకాల ప్రూఫులు దిద్దే పని. రోజుకు తొమ్మిది గంటలకు తక్కువ కాకుండా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటాను. అచ్చులో ఒక ఒత్తు ఎగిరిపోతే పేజీ తిప్పకముందే పట్టుకుంటానని నాకు కాస్త పేరుంది. ఒత్తులు పట్టుకునే నేనే, ఒత్తితే పడని టచ్‌ప్యాడ్‌ను ఏడు వారాలు పట్టించుకోలేదు.

మొదట కదిలింది టేబులు, లేదా కదిలింది టేబులే అనుకున్నాను. టైపు చేస్తుంటే ల్యాప్‌టాప్ ఒక మూల టక్కుటక్కుమని ఊగేది. టేబులు కాలు కింద అట్టముక్క మడిచి పెట్టాను. ఊగడం ఆగలేదు. ఇంకో మడత వేశాను. అప్పుడు టేబులు నిజంగానే ఊగడం మొదలుపెట్టింది. ఆ తరువాత టచ్‌ప్యాడ్. ఎడమ మూల నొక్కితే రాయిని నొక్కినట్టు ఉండేది, కిందికి దిగేది కాదు. కుడి మూల మాత్రం వేలు తగిలితేనే పడేది. డ్రైవరు తీసేసి మళ్లీ వేశాను, అచ్చంగా మీ నిపుణులు చెప్పినట్టే. ఒకసారి కాదు, మూడుసార్లు. మౌసు కూడా కొన్నాను.

మౌసు కొనడమే నేను చేసిన పెద్ద పొరపాటని ఇప్పుడు అనిపిస్తోంది. టచ్‌ప్యాడ్‌తో పని లేకుండా పోయాక దాన్ని తాకడం మానేశాను. ఉన్న ఒక్క హెచ్చరికా నోరు మూసుకుంది.

ఇంకొకటి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. రోజూ పొద్దున మూత తీయగానే తెర మీద సన్నని మరకలు కనిపించేవి. చిన్న చిన్న చదరాలు, వరసలు వరసలుగా. వేళ్ల జిడ్డు అనుకుని మెత్తని గుడ్డతో తుడిచేదాన్ని. ఒక రోజు వాటిని కాస్త పరకాయించి చూశాను. అవి కీబోర్డు మీటల అచ్చులు. అడుగున పొడుగ్గా ఉన్న గీత స్పేస్ మీటది. మూత వేసినప్పుడు కీబోర్డు పైకి లేచి తెరకు ఆనుతోందన్నమాట. అచ్చు పనిలో ఇన్నేళ్లుగా ఉన్నదాన్ని, నా కళ్లముందు రోజూ ఒక అచ్చు పడుతుంటే తుడిచేస్తూ కూర్చున్నాను.

అప్పుడు ఒక రిపేరు దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడి ఆయన తిరగేసి చూసి, “కింది స్క్రూలు వదులయ్యాయండీ, అందుకే పైకి లేచింది” అని అన్నింటినీ బలంగా బిగించి ఇచ్చారు. రెండు రోజులు మూత చక్కగా మూసుకుంది. నాకు సంతోషమైంది. ఆ సంతోషం అర్థమేమిటో తరువాత తెలిసింది: ఉబ్బుతున్న సంచిని పట్టకారులో పెట్టి బిగించినట్టయింది. ఆ దుకాణం పేరు రాయను. ఆయన మోసం చేయలేదు, డబ్బు కూడా తీసుకోలేదు. తెలియక చేశారు. మీ శీర్షికలోనూ అదే జరిగింది.

విషయం బయటపెట్టింది మా చిన్నమ్మాయి. సెలవులకు వచ్చి, నా ల్యాప్‌టాప్‌ను నున్నటి గచ్చు మీద పెట్టి ఒక మూల వేలితో తోసింది. అది బొంగరంలా గిర్రున ఒక చుట్టు తిరిగింది. “అమ్మా, అడుగు బల్లపరుపుగా ఉంటే ఇలా తిరుగుతుందా?” అంది. వెనక్కి తిప్పి, అడుగు భాగం మీద అడ్డంగా స్కేలు పెట్టి చూపించింది. స్కేలు మధ్యలో ఆని, రెండు కొసలా గాలిలో ఉంది. పక్కనుంచి చూస్తే రెండు రేకులు కలిసే చోట సన్నని సందు, అందులోంచి లోపలి వెలుతురు కూడా కనిపించింది. అప్పుడు కూడా నేను, “ఈ ఒక్క అధ్యాయం పంపించేసి ఆపేస్తాను” అన్నాను. అది ఒప్పుకోలేదు. గోడ దగ్గర స్విచ్చి ఆపి, అడాప్టరు ఊడదీసి, ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసింది. నిద్రపుచ్చడం కాదు, పూర్తిగా ఆపడం.

నా ఆలోచన ఎటు పోయిందో కూడా చెప్పాలి, చాలామందికి అక్కడే కాలు జారుతుంది. మూడు రోజుల్లో ఇవ్వాల్సిన పుస్తకం ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. రెండో ప్రతి ఎక్కడా లేదు. “పని చేస్తోంది కదా, ఫైళ్లు తీసుకునేదాకా నడిపితే ఏమవుతుంది?” అనిపించింది. సర్వీసు సెంటరుకు ఫోను చేసి ఇదే అడిగాను. అవతల మాట్లాడిన అబ్బాయి నెమ్మదిగా, “మేడం, ఫైళ్లు ఎక్కడికీ పోవు. అవి ఉండేది డిస్కులో. బ్యాటరీ తీసేశాక డిస్కు అలాగే ఉంటుంది. మీరు మాత్రం ఇంక ఆన్ చేయకండి, ఛార్జింగు అసలే పెట్టకండి” అన్నాడు. ఆ తరువాత, “ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టారు?” అని అడిగాడు. మంచం మీద, దుప్పటి పక్కన పెట్టానని చెప్పాను. వెంటనే తీసి, కాలే వస్తువులేవీ దగ్గర లేకుండా గచ్చు మీద పెట్టమన్నాడు. మూత బలవంతంగా నొక్కి మూయవద్దన్నాడు. మీద పుస్తకాల దొంతర పెట్టి ఉన్నానేమోనని కూడా అడిగాడు. నిజానికి అప్పటికి రెండు వారాలుగా ఉంచుతున్నాను, మూత మూసుకుంటుందని.

మర్నాడు తీసుకువెళితే నా ముందే విప్పారు. అడుగు స్క్రూలు ఒక్కొక్కటే తీస్తుంటే, ఇంకా రెండు మిగిలి ఉండగానే అడుగు రేకు దానంతట అది పైకి లేచింది. ఎవరూ తియ్యలేదు. రేకు పక్కన పెట్టాక చూశాను. నలుపు ప్లాస్టిక్ పొరలో పక్కపక్కన నాలుగు పలచని బిళ్లలు ఉండాలి. వాటిలో రెండు బాగానే ఉన్నాయి. టచ్‌ప్యాడ్ ఎడమ మూల కింద ఉన్న రెండూ చిన్న దిండ్లలా బిర్రుగా ఉబ్బి ఉన్నాయి. పొర మీద ముడత అన్నది లేదు. మీద అతికించిన లేబులు సాగి, అక్షరాలు వంకరపోయాయి. టెక్నీషియన్ ముందుగా బ్యాటరీ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టరు ఊడదీశాడు, ఆ తరువాతే తక్కిన పని ముట్టుకున్నాడు. బ్యాటరీని అతికించిన జిగురు పట్టీలను ప్లాస్టిక్ రేకుతో, కొంచెం కొంచెంగా, ఎక్కడా వంచకుండా వదిలించాడు. ఇనుప మొన ఉన్న పనిముట్టు ఏదీ దాని దగ్గరికి తేలేదు. అంత ఓపికగా పనిచేసే మనిషిని చూసి చాలా రోజులైంది.

అతను పని చేస్తూ చెప్పినవీ, ఆ తరువాత నేను చదివి సరిచూసుకున్నవీ కలిపి రాస్తున్నాను. ఇప్పటి సన్నని ల్యాప్‌టాప్‌లలో ఉండేవి లిథియం అయాన్ సెల్లులు (నేను చూసిన బిళ్లలు అవే), సంచి ఆకారంలో ఉంటాయి. గ్రాఫైటు పూసిన రాగి రేకు, లోహపు ఆక్సైడు పూసిన అల్యూమినియం రేకు, రెండింటి మధ్య వెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ పొర. ఇలా పొర మీద పొర పేర్చి, మండే గుణమున్న ఒక ద్రావకంలో తడిపి, పలచని సంచిలో పెట్టి అంచులు అతికిస్తారు. ఆ ద్రావకం కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా విరిగిపోతూ వాయువులు వదులుతుంది: కార్బన్ డయాక్సైడు, కార్బన్ మోనాక్సైడు, ఇథిలీన్, హైడ్రోజన్ వంటివి. బయటికి దారి లేదు కాబట్టి సంచి ఉబ్బుతుంది. ఇది అన్ని బ్యాటరీల్లోనూ ఎంతో కొంత జరిగేదే. వేగం పెంచేవి రెండు: వేడి, ఎప్పుడూ నూరు శాతం ఛార్జి. చాలా సెల్లులకు నూరు శాతమంటే 4.2 వోల్టులు, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఆ గరిష్ఠం దగ్గర, వేడిలో, నెలల తరబడి ఉంచితే లోపలి రసాయనాలు త్వరగా చెడతాయి. కింద పడి నలిగినా, తయారీలోనే లోపమున్నా, పూర్తిగా ఖాళీ అయ్యాక నెలల తరబడి వదిలేసినా ఉబ్బవచ్చు.

నా విషయంలో అడగాల్సిన పనే లేదు. నాలుగేళ్లుగా అడాప్టరు ఊడదీసిన రోజు లేదు. టేబులు మీద పరిచిన మెత్తని గుడ్డ మీద ల్యాప్‌టాప్, ఆ గుడ్డతో కింద గాలి రంధ్రాలన్నీ మూసుకుపోయి. గీతలు పడకూడదని నేను తీసుకున్న జాగ్రత్త అది.

“మా రోజుల్లో ల్యాప్‌టాప్‌లు ఇలా ఉబ్బేవి కావు” అని మా బావగారు అంటారు. అది నిజమే, కానీ అప్పటి బ్యాటరీలు మరీ గొప్పవనీ కాదు. పాత లావు ల్యాప్‌టాప్‌లలో ఉండేవి ఎక్కువగా ఉక్కు గొట్టాల్లాంటి సెల్లులు, 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. లోపల వాయువు పుట్టినా ఉక్కు ఉబ్బదు. ఒత్తిడి బాగా పెరిగితే విడుదల చేయడానికి ఆ గొట్టం మూతలో ఏర్పాటు ఉంటుంది. పైగా ఆ బ్యాటరీని అడుగున ఉన్న గడియ జరిపి ఎవరైనా ఊడదీసుకునేవారు. ల్యాప్‌టాప్ సన్నబడాలని మనమే ఉక్కు వద్దన్నాం, సంచి కావాలన్నాం, గడియ తీసేసి జిగురు పెట్టించుకున్నాం. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల నిబంధనల ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు పోను, వాడుకునేవాళ్లే తీసి మార్చుకునేలా తయారు చేయాలి. గడియ మళ్లీ వస్తుందేమో చూడాలి.

మా బావగారి మాట వచ్చింది కాబట్టి ఆయన సలహా కూడా చెబుతాను. ఉబ్బిన బ్యాటరీ గురించి వినగానే, “గ్యాసే కదమ్మా, సన్నని సూదితో ఒక్క పోటు పొడిస్తే దిగిపోతుంది, ఇంకో రెండేళ్లు వాడుకోవచ్చు” అన్నారు. ఆయనకు తెలిసినవాళ్లెవరో ఫోను బ్యాటరీకి అలా చేశారట. సంపాదకులవారూ, ఈ ఒక్క ముక్కనైనా పెద్ద అక్షరాలతో వేయండి: ఉబ్బిన బ్యాటరీని పొడవకూడదు. సూది లోపలికి వెళ్లిందంటే విడిగా ఉండాల్సిన రెండు రేకులను కలుపుతుంది. ఉన్న ఛార్జి అంతా ఆ ఒక్క చోట వేడిగా మారుతుంది, ద్రావకం అంటుకుంటుంది. ఆ మంటతో వేడెక్కి పక్క సెల్లు, దాని పక్క సెల్లు. అంటుకోకపోయినా, ద్రావకంలోని ఫ్లోరిన్ ఉన్న లవణం గాలిలోని తేమతో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడు అనే విషవాయువును పుట్టిస్తుంది. నొక్కడం కూడా పొడవడం లాంటిదే. వాయువు నిండిన సంచిలో పొరలు ఒకదాని నుంచి ఒకటి విడివడి ఉంటాయి. పైనుంచి బరువు పెడితే అవి తిన్నగా సర్దుకోవు, అడ్డదిడ్డంగా మడత పడతాయి. ఫ్రిజ్‌లో పెడితే ఉబ్బు తగ్గుతుందన్న మాట కూడా విన్నాను. ఒకసారి విరిగిన ద్రావకం చల్లబడితే తిరిగి అతుక్కోదు. పైపెచ్చు తేమ చేరుతుంది.

ఉబ్బిన ప్రతి బ్యాటరీ అంటుకుంటుందని నేను చెప్పడం లేదు. భయపెట్టడం నాకు ఇష్టం లేదు. నాది ఏడు వారాలు నా దాష్టీకం అంతా భరించి కూడా పొగ వదలలేదు. కానీ ఏది అంటుకుంటుందో, ఏది అంటుకోదో పైనుంచి చూసి చెప్పగల మనిషి లేడు. ముట్టుకుంటే కాలుతున్నా, బుస్సుమన్నా, తియ్యటి రసాయనపు వాసన వేసినా దాన్ని చేత్తో పట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి అగ్నిమాపక దళానికి ఫోను చేయాలి. ఆ పొగ పీల్చకూడదు.

ఇక నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన సంగతి. బ్యాటరీ పరిస్థితి చూపే నివేదిక ఒకటి కంప్యూటర్‌లోనే ఉంటుంది. నా దాంట్లో చూస్తే కొత్తప్పటి సామర్థ్యం 48 వాట్-అవర్లు, ఇప్పటిది 39. అంటే ఎనభై శాతం పైనే. ఏ హెచ్చరికా లేదు, ఎర్ర గుర్తూ లేదు. ఉబ్బి కీబోర్డును తెరకు గుద్దుతున్న బ్యాటరీకి కంప్యూటర్ మంచి మార్కులే వేసింది. అదేమిటని టెక్నీషియన్‌ను అడిగితే, “లోపల ఉన్న చిప్ వోల్టేజీ చూస్తుంది, కరెంటు చూస్తుంది, వేడి చూస్తుంది. మందం చూడదు కదా మేడం” అన్నాడు. అందుకే మీ శీర్షికకు ప్రశ్న పంపినవాళ్లను స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందని మాత్రమే అడిగితే చాలదు. బల్ల మీద పెడితే ఊగుతోందా, మూత మూసుకుంటోందా, అంచుల దగ్గర సందు కనిపిస్తోందా అని కూడా అడగాలి.

కొత్త బ్యాటరీ దగ్గర నాకు మరో పాఠం అయింది. ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెబితే చాలుననుకున్నాను. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల బ్యాటరీలు ఉంటాయట. సరిపోల్చవలసింది పాత బ్యాటరీ మీద అచ్చువేసిన పార్టు నంబరును, వోల్టులను, కనెక్టరు ఆకారాన్ని. పాతదాని లేబులు సాగిపోయి ఉన్నా నంబరు చదవగలిగాను, ఆ మాత్రం పనితనం ఇంకా మిగిలి ఉంది. తయారీ తేదీ కూడా చూడాలి. బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. మూడేళ్లు గోదాములో పడి ఉన్నది పెట్టె విప్పనిదే అయినా కొత్తది కాదు. బజారులో సగం ధరకు అచ్చం అలాంటివే దొరుకుతాయని ఒకరిద్దరు చెప్పారు. వాటిలో ఏది నికరమైనదో తేల్చే విద్య నా దగ్గర లేదు కాబట్టి తయారీ సంస్థ సరఫరా చేసినదే వేయించుకున్నాను, పది రోజులు ఆగి.

ఆ పది రోజులూ పని ఆగలేదు. బ్యాటరీ తీసేశాక ల్యాప్‌టాప్‌ను అడాప్టరు మీదే నడిపి ఫైళ్లన్నీ తీసి ఇచ్చారు. అన్ని మోడళ్లూ అలా నడవవట. కొన్ని బ్యాటరీ లేకపోతే లేవనే లేవవు, కొన్ని నత్తనడక నడుస్తాయి. కొత్తది వచ్చినప్పుడు అందులో మూడోవంతు కూడా ఛార్జి లేదు. పాత సరుకు అంటగట్టారా అని అనుమానపడ్డాను. విడిగా విమానంలో సరుకుగా పంపే లిథియం అయాన్ బ్యాటరీల్లో ఛార్జి 30 శాతానికి మించకూడదని 2016 ఏప్రిల్ నుంచి నిబంధన ఉందట. ఛార్జి ఎంత తక్కువ ఉంటే, ఏదైనా జరిగినప్పుడు మంట అంత తక్కువ. ఉబ్బినవాటినీ దెబ్బతిన్నవాటినీ అయితే ప్రయాణికులు విమానంలోకి తేనే కూడదు, చేతిసంచిలోనైనా, సామానులోనైనా. మా అమ్మాయి తన ల్యాప్‌టాప్‌ను ప్రయాణానికి ముందు గచ్చు మీద తిప్పి చూసుకోవడం అప్పటినుంచే మొదలైంది.

పాత బ్యాటరీ కథ ఇంకా ఉంది. బిల్లుతో పాటు దాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి నా చేతికే ఇవ్వబోయారు. “మీ వస్తువు మీకే” అన్నారు కౌంటరులో ఉన్నాయన. అంత ఓపికగా విప్పిన చోటే ఇలా అనడం నాకు మింగుడుపడలేదు. దీన్ని నేనేం చేసుకోను? చెత్తబుట్టలో వేస్తే చెత్త బండిలో నలుగుతుంది, నలిగితే బండి అంటుకుంటుంది. ఇలాంటి బ్యాటరీల వల్ల చెత్త బండ్లలో, చెత్త వేరుచేసే కేంద్రాల్లో మంటలు లేవడం చాలా దేశాల్లో మామూలు సంగతైపోయింది. తీసుకోనని అక్కడే నిలబడ్డాను. పై అధికారిని పిలిపించమన్నాను. చివరికి, తమ దగ్గర తీసుకునే ఏర్పాటు లేదంటూ ఈ-వ్యర్థాలు సేకరించే ఒక కేంద్రం పేరు చెప్పారు. కనెక్టరు మీద కరెంటు పారని టేపు చుట్టి, బిగుతు మూత లేని ఇనుప డబ్బాలో పొడి ఇసుక పోసి, మధ్యలో బ్యాటరీ పెట్టి ఆరుబయట ఉంచాను, తీసుకువెళ్లేదాకా. ఆ కేంద్రంలో గోడకు తగిలించిన బ్యాటరీల పెట్టె ఒకటి ఉంది. అందులో వేయబోతే ఒకామె పరుగున వచ్చి ఆపింది. “ఉబ్బినవి పెట్టెలో వేయకూడదండీ, చేతికి ఇవ్వాలి” అని నా డబ్బాతో సహా తీసుకుంది. మామూలు వాటి మధ్య ఇదొక్కటి అంటుకుంటే పెట్టె మొత్తం పోతుందట. ఆ పెట్టె మీద ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. రాయమని చెప్పి వచ్చాను.

ఇప్పుడు టచ్‌ప్యాడ్ రెండు మూలలా ఒకేలా పడుతోంది. అరచేయి ఆనించే రేకు మాత్రం కొద్దిగా వంగిపోయింది, అది ఇంక తిన్నగా కాదు. ఛార్జింగు ఎనభై శాతం దగ్గర ఆగేలా సెట్టింగుల్లో ఏర్పాటు ఉందని నాలుగేళ్లకు తెలుసుకుని పెట్టుకున్నాను. కింద గుడ్డ తీసేశాను.

మీ నిపుణులకు ఇంకొక మాట అందించగలిగితే మంచిది. నాలుగేళ్ల ల్యాప్‌టాప్‌కు వారంటీ ముగిసినా, తయారీ సంస్థ ఆ బ్యాటరీలను లోపమున్నవిగా ప్రకటించి వెనక్కి పిలిచి ఉండవచ్చు. యాపిల్ సంస్థ 2019 జూన్‌లో, ప్రధానంగా 2015 సెప్టెంబరుకూ 2017 ఫిబ్రవరికీ మధ్య అమ్మిన 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌లలో కొన్నింటి బ్యాటరీలు ప్రమాదకరంగా వేడెక్కవచ్చని ప్రకటించి ఉచితంగా మార్చింది. అంతకుముందు 2006లో డెల్ సంస్థ 41 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచింది. కాబట్టి అడుగున ఉన్న సీరియల్ నంబరుతో ముందు తయారీ సంస్థను అడగమని పాఠకులకు చెప్పవచ్చు. నాది ఆ జాబితాల్లో ఎక్కడా లేదు, జేబులోంచే పెట్టుకున్నాను.

సవరణ వేయండి. ఏ మూలో చిన్న అక్షరాలతో కాకుండా, జవాబు వచ్చిన చోటే, అదే శీర్షికలో. వాక్యాలు కావాలంటే నేనే రాసిపెడతాను, దిద్దుకోనవసరం లేకుండా.

అయితే సవరణ రావడానికి మళ్లీ ఆదివారం దాకా ఆగాలి. ప్రశ్న పంపిన ఆయన ఈపాటికి డ్రైవరు మళ్లీ వేసుకుని, మౌసు కూడా కొనుక్కుని ఉంటారు. ఈ రాత్రి కూడా ల్యాప్‌టాప్‌ను ఛార్జింగుకు పెట్టే పడుకుంటారేమో. ఆయన ఫోను నంబరో, చిరునామానో మీ కార్యాలయంలో ఉండే ఉంటుంది. ఈ ఉత్తరం అచ్చుకు ఇవ్వకముందే ఎవరిచేతనైనా ఆయనకు ఒక ఫోను చేయించండి. అడాప్టరు ఊడదీయమని చెబితే చాలు, తక్కినది తరువాత చెప్పుకోవచ్చు.

ఇట్లు,
ప్రూఫులు దిద్దుకునే ఒక పాఠకురాలు